వెయ్యి ఫోటాన్ల సాక్ష్యం: అతిశీతల కాంతి డిటెక్టర్లపై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నన్ను న్యూట్రినోల గురించి, అంటే దేనితోనూ పెద్దగా కలవకుండా దూసుకుపోయే, విద్యుదావేశం లేని అతి తేలిక కణాల గురించి మాట్లాడమన్నారు. ఆ మాటకొస్తే న్యూట్రినో చాలా పెద్ద సబ్జెక్టు. గంటలో అంతా చెప్పబోతే ఏదీ మనసులో నిలవదు. అందుకని ఈ సాయంత్రం న్యూట్రినో గుట్టు విప్పడానికి కట్టిన పరికరాల్లో ఒక చిన్న భాగం గురించే చెబుతాను. అది గుండ్రటి జెర్మేనియం రేకు. వ్యాసం 44 మిల్లీమీటర్లు, మందం మిల్లీమీటరులో ఆరో వంతు. పరమశూన్య ఉష్ణోగ్రతకు ఒక డిగ్రీలో వందో రెండు వందో భాగం మాత్రమే పైన ఉంచుతారు దాన్ని. పక్కనున్న స్ఫటికంలో ఏదైనా జరిగితే బయటికొచ్చే ఓ వెయ్యి ఫోటాన్లను అది పట్టుకోవాలి. దాని పని అంతే. కానీ కోట్ల యూరోల ఖర్చుతో, వందలమంది ఇరవై ముప్ఫై ఏళ్లు చేసిన ప్రయోగంలో కనిపించింది నిజమా, భ్రమా అని తేల్చేది ఆ రేకే. నేనిలా ఎందుకు అంటున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ముందు వెతుకులాట దేనికోసమో చూద్దాం.

బీటా క్షయం మీరు ఇంటర్లో చదువుకున్నారు. కేంద్రకంలో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారుతుంది; ఒక ఎలక్ట్రాన్, ఒక ప్రతిన్యూట్రినో (న్యూట్రినోకు ప్రతికణం) బయటికొస్తాయి. కొన్ని కేంద్రకాలకు అలా ఒక్క మెట్టు దిగే వీలు లేదు, శక్తి లెక్క సరిపోదు. రెండు మెట్లు ఒకేసారి దిగితే మాత్రం సరిపోతుంది. అంటే రెండు న్యూట్రాన్లు ఒకే క్షణంలో రెండు ప్రోటాన్లు కావాలి. దీన్ని 1935లో మరియా గోపర్ట్ మేయర్ లెక్కగట్టి చెప్పింది. ప్రయోగశాలలో నేరుగా చూడటానికి 1987 దాకా ఆగాల్సొచ్చింది. అమెరికాలో అర్వైన్ దగ్గర సెలీనియం-82లో చూశారు. ఇది ఎంత అరుదంటే, మాలిబ్డినం-100 అనే ఐసోటోపుకు దీని అర్ధజీవిత కాలం 7 × 10¹⁸ ఏళ్లు. విశ్వం వయసుకు యాభై కోట్ల రెట్లు. అయినా ఇది మనం వెతికేది కాదు. ఇది మనకు అడ్డం.

మనం వెతికేదానికి మూలం 1937లో ఎత్తోరే మయోరానా రాసిన వ్యాసం. న్యూట్రినో, ప్రతిన్యూట్రినో వేరువేరు కాకపోవచ్చు, రెండూ ఒకే కణం కావచ్చు అన్నాడాయన. ఆ మరుసటి ఏడాదే పలెర్మో నుంచి నేపుల్స్‌కు ఓడ ఎక్కి మళ్లీ కనిపించలేదు. ఆయన చెప్పింది నిజమైతే, జంట బీటా క్షయంలో న్యూట్రినోలు బయటికి రావాల్సిన అవసరమే ఉండదని 1939లో ఫర్రీ చూపించాడు. రెండు ఎలక్ట్రాన్లే వస్తాయి, ఉన్న శక్తంతా అవే పట్టుకొస్తాయి. ఇది కనిపిస్తే అర్థమేమిటో ఒక్కసారి ఆలోచించండి. అంతకుముందు లేని రెండు పదార్థ కణాలు పుట్టాయి, లెక్క సరిచేయడానికి ప్రతిపదార్థం ఏమీ పుట్టలేదు. ఈ విశ్వంలో పదార్థమే ఎందుకు మిగిలింది, ప్రతిపదార్థం ఎటు పోయింది అన్న ప్రశ్నకు ఇంత సూటిగా దారి చూపే ప్రయోగం మరొకటి లేదని నా నమ్మకం.

కాబట్టి చేయాల్సింది చెప్పడానికి తేలికే. రెండు ఎలక్ట్రాన్ల మొత్తం శక్తిని కొలవాలి. న్యూట్రినోలు కొంత పట్టుకుపోతే ఆ మొత్తం ఒకసారి ఇంత, ఒకసారి అంత వస్తుంది. న్యూట్రినోలు లేకపోతే ప్రతిసారీ ఒకే విలువ వస్తుంది. మాలిబ్డినం-100కు అది 3034 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, టెల్యూరియం-130కు 2527.5. గ్రాఫులో అక్కడ ఒక సన్నటి గీత లేవాలి.

శక్తిని అంత కచ్చితంగా కొలవాలంటే? 1984లో ఎత్తోరే ఫియోరిని, నీనికోస్కి ఒక దారి చెప్పారు. ఐసోటోపుతోనే స్ఫటికం చేయండి, దాన్ని బాగా చల్లబరచండి, లోపల ఏ క్షయం జరిగినా స్ఫటికం కొంచెం వేడెక్కుతుంది, ఆ వేడిని కొలవండి. స్ఫటికాల విశిష్టోష్ణం అతి తక్కువ ఉష్ణోగ్రతల్లో ఉష్ణోగ్రత ఘనంతో పాటు పడిపోతుంది. ఉష్ణోగ్రత పదో వంతుకు దించితే విశిష్టోష్ణం వెయ్యో వంతు అవుతుంది. అందుకే 10 మిల్లీకెల్విన్ల దాకా వెళ్తారు. నక్షత్రాల మధ్య ఖాళీ అంతరిక్షం 2.7 కెల్విన్లు, దానికన్నా ఇది రెండు వందల రెట్లకు పైగా చల్లన. అంత చలిలో, ముప్పావు కిలో బరువున్న టెల్యూరియం ఆక్సైడ్ స్ఫటికంలో ఒక మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి పడితే ఉష్ణోగ్రత మిల్లీకెల్విన్‌లో పదో వంతు పెరుగుతుంది. ఒక మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులంటే 1.6 × 10⁻¹³ జౌళ్లు. దోమ రెక్క ఆడించే శక్తి దాని ముందు మహా ఎక్కువ.

ఈ ఆలోచన పెరిగి పెరిగి క్యువోర్ అనే ప్రయోగం అయింది. ఇటలీలో లాక్విలా, తేరమో మధ్య కొండ కింద పది కిలోమీటర్ల రోడ్డు సొరంగం ఉంది. దాని పక్కనే గ్రాన్ సాస్సో ప్రయోగశాల. నెత్తిన 1400 మీటర్ల రాయి ఉంటుంది, ఆకాశం నుంచి వచ్చే మ్యుయాన్లనే కణాల్లో పది లక్షలకు ఒకటి మాత్రమే మిగులుతుంది. అక్కడ అలాంటి టెల్యూరియం ఆక్సైడ్ స్ఫటికాలు 988, మొత్తం 742 కిలోలు, 19 వరుసలుగా వేలాడదీశారు. 2017 నుంచి నడుస్తోంది. వాటిని చల్లగా ఉంచే పెట్టె, అంటే ఆ క్రయోస్టాట్‌ను పరీక్షించినప్పుడు, 2014లో, ఘనమీటరు పరిమాణంలో ఉన్న దాదాపు 400 కిలోల రాగిని 6 మిల్లీకెల్విన్లకు చల్లబరిచారు. మనకు తెలిసిన విశ్వంలో అంతకన్నా చల్లటి ఘనమీటరు లేదని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి.

దాని సీసం కవచం గురించి ఒక్క మాట చెప్పకపోతే నాకు తోచదు. కొత్త సీసంలో సీసం-210 ఉంటుంది, అది రేడియోధార్మికం. అర్ధజీవితం 22 ఏళ్లు. అంటే రెండు వేల ఏళ్ల నాటి సీసంలో అది పూర్తిగా హరించుకుపోయి ఉంటుంది. సార్డీనియా తీరంలో మునిగిన రోమన్ల ఓడలో అలాంటి సీసం దిమ్మెలు దొరికాయి. దిమ్మెల మీద అప్పటివాళ్లు పోతపోసిన అక్షరాలున్న భాగాన్ని కోసి మ్యూజియం కోసం దాచి, మిగిలినదాన్ని కరిగించి కవచం చేశారు. పురావస్తు శాస్త్రవేత్తలకు మనసొప్పక చాలా చర్చ జరిగింది. వాళ్ల బాధ సబబే. అయినా ఆ సీసం మంచి పనికే వెళ్లిందంటాను.

ఇంత చేసినా క్యువోర్‌కు ఒక చిక్కు మిగిలిపోయింది. అక్కడే మన రేకు కథ మొదలవుతుంది.

స్ఫటికం చుట్టూ పట్టుకుని ఉండేది రాగి. రాగి ఎంత శుద్ధి చేసినా, ఎంత కడిగినా, దాని పైపొరలో యురేనియం, థోరియం అణువులు ఎక్కడో ఒకటి ఉంటాయి. గాలిలోని రేడాన్ వదిలిన పొలోనియం ఉంటుంది. ఇవి ఆల్ఫా కణాలను విడుస్తాయి. పొలోనియం-210 ఆల్ఫా శక్తి 5300 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. అది నేరుగా స్ఫటికంలో పడితే ఫర్వాలేదు, 5300 దగ్గర కనిపిస్తుంది, మన గీతకు దూరం. కానీ అది రాగి లోపల కొన్ని మైక్రాన్ల లోతునుంచి బయలుదేరితే, దారిలో కొంత శక్తి పోగొట్టుకుని వస్తుంది. ఎంత పోగొట్టుకుంటుందో లోతును బట్టి ఉంటుంది. 4000 కావచ్చు, 3500 కావచ్చు, సరిగ్గా 2527 కావచ్చు. అప్పుడు థర్మామీటరుకు తేడా తెలియదు. వేడి వేడే. రెండు ఎలక్ట్రాన్లు తెచ్చిన వేడి, ఒక ఆల్ఫా తెచ్చిన వేడి ఒకేలా ఉంటాయి.

2022లో క్యువోర్ వాళ్లు టన్ను-ఏడాది డేటాతో (ఒక టన్ను స్ఫటికాలను ఏడాది గమనించినంత) ఫలితం ప్రకటించారు. టెల్యూరియం-130 న్యూట్రినో లేని క్షయం అర్ధజీవితం 2.2 × 10²⁵ ఏళ్లకన్నా ఎక్కువ. గీత కనిపించలేదు. గ్రాఫు కింద మాత్రం, మనకు అక్కర్లేని సంఘటనలతో మట్టంగా పరుచుకున్న బ్యాక్‌గ్రౌండ్ ఉంది, అందులో ఎక్కువ భాగం ఈ శక్తి పోగొట్టుకున్న ఆల్ఫాలదే. స్ఫటికాలు ఇంకో పది రెట్లు పెట్టినా ఉపయోగం లేదు, బ్యాక్‌గ్రౌండ్ కూడా పది రెట్లవుతుంది. వేడితో పాటు ఇంకో సాక్ష్యం కావాలి.

ఆ రెండో సాక్ష్యం కాంతి.

కొన్ని స్ఫటికాల్లో శక్తి పడగానే చిన్న మెరుపు మెరుస్తుంది. సింటిలేషన్ అంటారు. ఎలక్ట్రాన్ స్ఫటికంలో మిల్లీమీటర్ల దూరం పోతూ శక్తిని పలచగా వదులుతుంది. ఆల్ఫా అలా కాదు, పది ఇరవై మైక్రాన్లలో మొత్తం శక్తిని కుమ్మరిస్తుంది. అంత ఇరుకులో కాంతినిచ్చే కేంద్రాలు ఆ శక్తిని తీసుకోలేవు, మిగిలింది వేడిగానే పోతుంది. లిథియం మాలిబ్డేట్ స్ఫటికంలో ఒకే శక్తి ఉన్న ఎలక్ట్రాన్ ఇచ్చే కాంతిలో ఆల్ఫా ఇచ్చేది సుమారు ఐదో వంతు. వేడి సమానం, కాంతి ఐదో వంతు. ఇక దొంగ దొరికినట్టే.

ఎంత కాంతి అనేదే అసలు ప్రశ్న. 3000 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల సంఘటన జరిగితే జెర్మేనియం రేకుకు చేరేది దాదాపు 2 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కాంతి. నారింజ రంగు వైపు ఉండే ఫోటాను ఒక్కోటి రెండు ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ లెక్కన వెయ్యి ఫోటాన్లు. ఆల్ఫా అయితే రెండు వందలు. ఈ వెయ్యికీ రెండు వందలకూ తేడా ప్రతిసారీ, తప్పకుండా, ఏళ్ల తరబడి చెప్పగలగాలి.

(ఇక్కడ ఒక విద్యార్థిని ప్రశ్న: కాంతిని కొలవడానికి ఫొటోమల్టిప్లయర్ ట్యూబులున్నాయి కదా సార్, రేకును కూడా అంత చల్లబరచడం ఎందుకు?)

చాలా మంచి ప్రశ్నమ్మా. ట్యూబు గాజులో పొటాషియం, థోరియం ఉంటాయి, మనం పారిపోతున్నదే వాటినుంచి. దానికి వందల వోల్టులివ్వాలి, అది వేడి పుట్టిస్తుంది, 10 మిల్లీకెల్విన్ల క్రయోస్టాట్‌లో అంత వేడి భరించలేం. పైగా ట్యూబు మీద పడిన నాలుగు ఫోటాన్లలో మూడు ఏ గుర్తూ లేకుండా పోతాయి. జెర్మేనియం రేకు అలా కాదు. అదీ ఒక చిన్న బొలోమీటరే, అంటే పడిన శక్తిని వేడిగా కొలిచే పరికరమే. దానిలో ఇంకిన ఫోటాన్ ఏ రంగుదైనా చివరికి వేడిగా మారాల్సిందే, ఆ వేడినే కొలుస్తాం. స్ఫటికం ఎంత చల్లగా ఉందో రేకూ అంతే చల్లగా ఉంటుంది కాబట్టి రెంటినీ ఒకే పెట్టెలో పక్కపక్కనే పెట్టొచ్చు. రేకు బరువు ఒకటి రెండు గ్రాములే కాబట్టి వెయ్యి ఫోటాన్లు పడినా ఉష్ణోగ్రత కొలవగలిగినంత పెరుగుతుంది. నీ ప్రశ్నకు ఇంకో ముక్క కలుపుతాను. జెర్మేనియం అద్దంలా మెరుస్తుంది, పడిన కాంతిలో చాలా భాగం వెనక్కి కొడుతుంది. అందుకని దాని మీద 60, 70 నానోమీటర్ల మందాన సిలికాన్ మోనాక్సైడ్ పూత వేస్తారు. కళ్లద్దాలకు వేసే పూత లాంటిదే. దాంతో ఇంకే కాంతి బాగా పెరుగుతుంది.

మరి ఆ ఉష్ణోగ్రతను చదివేది ఎవరు? రేకు మీద జిగురుతో అతికించిన ఇంకో చిన్న జెర్మేనియం ముక్క. దీన్ని అణు రియాక్టర్లో ఉంచి న్యూట్రాన్లతో కొట్టిస్తారు. కొన్ని జెర్మేనియం అణువులు గాలియంగా, కొన్ని ఆర్సెనిక్‌గా మారతాయి. ఆ మాలిన్యం ముక్క అంతటా సమానంగా పరుచుకుంటుంది, మామూలు పద్ధతిలో కలిపితే అంత సమంగా రాదు. అలా తయారైన ముక్క విద్యుత్ నిరోధం ఉష్ణోగ్రత కొంచెం మారినా విపరీతంగా మారుతుంది. బర్క్‌లీలో యూజీన్ హాలర్ ఈ పనిలో మహా నిపుణుడు. ముక్కకు తల వెంట్రుకకన్నా సన్నటి, 25 మైక్రాన్ల బంగారు తీగలు అతికిస్తారు. ఈ పనంతా సూక్ష్మదర్శిని కింద, చేత్తో జరుగుతుంది. జిగురు చుక్కలు ఎన్ని, ఎంత దూరంలో పెట్టారు అన్నదాన్ని బట్టి కూడా సంకేతం మారుతుంది. సిద్ధాంతం రాసేవాళ్ల పేర్లు మనకు తెలుస్తాయి, ఈ చుక్కలు పెట్టినవాళ్ల పేర్లు తెలియవు. నాకు వాళ్లంటే చాలా గౌరవం.

కాంతి, వేడి రెండూ కలిపి చూస్తే ఏం సాధించవచ్చో మొదట లోకానికి గట్టిగా చెప్పింది బిస్మత్ కథ. మనం స్కూల్లో చదివింది ఏమిటి? ఆవర్తన పట్టికలో స్థిరంగా ఉండే చివరి మూలకం బిస్మత్, 83. దాని తర్వాత అన్నీ రేడియోధార్మికాలే. సిద్ధాంతం మాత్రం బిస్మత్-209 కూడా ఆల్ఫా క్షయం చెందాలని ఎప్పటినుంచో చెబుతోంది, ఎవరూ చూడలేదు. ఫ్రాన్స్‌లో ఓర్సే దగ్గర పియర్ ద మార్సియాక్, నోయెల్ కొరోన్ బృందం కృష్ణ పదార్థం (కాంతినివ్వని, గురుత్వాకర్షణతో మాత్రమే జాడ తెలిసిన పదార్థం) వెతకడం కోసం బిస్మత్ జెర్మనేట్ స్ఫటికాలతో, పక్కన కాంతి డిటెక్టరుతో బొలోమీటర్లు చేస్తున్నారు. వాళ్లకు 3.14 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక గీత కనిపించింది. వేడి ఒక్కటే ఉంటే ఏదో గామా అనుకుని వదిలేసేవాళ్లేమో. కానీ ఆ సంఘటనల కాంతి తక్కువగా ఉంది. అవి ఆల్ఫాలు. ఆ శక్తితో తెలిసిన ఆల్ఫా ఏదీ లేదు, బిస్మత్‌కు లెక్క ప్రకారం రావాల్సింది తప్ప. 2003లో ప్రచురించారు: అర్ధజీవితం 1.9 × 10¹⁹ ఏళ్లు. పాఠ్యపుస్తకంలో ఒక వాక్యం మారిపోయింది. ఇప్పుడు స్థిరమైన చివరి మూలకం సీసం. ఇదంతా వేరే దేనికోసమో వెతుకుతుంటే దొరికింది.

అదే గ్రాన్ సాస్సోలో క్రెస్ట్ అనే ప్రయోగం కృష్ణ పదార్థం కోసం కాల్షియం టంగ్‌స్టేట్ స్ఫటికాలు వాడుతుంది. కాంతి పట్టడానికి నీలమణి పలక మీద పలచటి సిలికాన్ పొర, దాని మీద టంగ్‌స్టన్ పొర థర్మామీటరు. ఆ టంగ్‌స్టన్ సుమారు 15 మిల్లీకెల్విన్ల దగ్గర అతివాహకంగా, అంటే విద్యుత్ నిరోధమే లేనిదిగా మారుతుంది; ఆ మార్పు మధ్యలో నిలబెడితే కొంచెం వేడికే నిరోధం ఎగిసిపడుతుంది. కృష్ణ పదార్థ కణం వచ్చి కేంద్రకాన్ని తన్నితే కాంతి బాగా తగ్గుతుంది: ఆక్సిజన్ కేంద్రకం కదిలితే ఎలక్ట్రాన్ కాంతిలో పదో వంతు, టంగ్‌స్టన్ కదిలితే యాభయ్యో వంతు. వీళ్లు 2012లో ప్రచురించిన వ్యాసంలో 67 సంఘటనలు మిగిలాయి. తెలిసిన బ్యాక్‌గ్రౌండ్లన్నీ కలిపినా అన్ని రావు. ప్రపంచమంతా టెన్షన్‌గా చూసింది. కృష్ణ పదార్థం దొరికిందా?

ఆ తర్వాత వాళ్లు చేసింది నేను ప్రతి ఏటా మా విద్యార్థులకు చెబుతాను. స్ఫటికాన్ని పట్టుకున్న బిగింపుల మీద పొలోనియం ఉంటే ఏమవుతుంది? అది ఆల్ఫా విడిచి సీసంగా మారుతుంది. ఆల్ఫా బిగింపు లోపలికి పోతే, వెనక్కి తన్నుకొచ్చిన సీసం కేంద్రకం స్ఫటికంలో పడుతుంది. బరువైన కేంద్రకం, తక్కువ వేడి, కాంతి దాదాపు శూన్యం. అచ్చం కృష్ణ పదార్థం వేషమే. చుట్టూ ఉన్న పదార్థమంతా మెరిసేదైతే ఆ ఆల్ఫా మెరుపు కాంతి డిటెక్టరుకు తెలుస్తుంది, దొంగతనం బయటపడుతుంది. బిగింపులు లోహంతో చేసినవి, మెరవవు. అందుకని తరువాతి విడతలో లోహపు బిగింపులు తీసేసి, స్ఫటికాన్ని కాల్షియం టంగ్‌స్టేట్ పుల్లలతోనే పట్టి ఉంచిన డిటెక్టరు కట్టారు. చుట్టూ అన్నీ మెరిసే పదార్థాలే. 2014లో కొత్త డేటా వచ్చింది. ఆ అదనపు సంఘటనలకు కృష్ణ పదార్థం కారణం కాదని తేలింది. తమ ప్రకటనను తామే ఇంకా మంచి డిటెక్టరు కట్టి పరీక్షకు పెట్టారు వాళ్లు.

ఇక జంట బీటా దగ్గరికి తిరిగొద్దాం. కాంతి సహాయంతో మొదటి పెద్ద ప్రయత్నం క్యూపిడ్-జీరో, 2017 నుంచి 2020 దాకా గ్రాన్ సాస్సోలో. జింక్ సెలీనైడ్ స్ఫటికాలు 26, వాటిలో 24 సెలీనియం-82 పాలు పెంచి చేసినవి. ఈ పదార్థానికి ఒక వింత గుణం ఉంది. ఇందులో ఆల్ఫా ఎలక్ట్రాన్ కన్నా ఎక్కువ కాంతినిస్తుంది! ఎందుకో ఇంకా చర్చలున్నాయి. ఇబ్బందేమంటే ఎక్కువ కాంతినిచ్చే ఆల్ఫా, తన కాంతిలో కొంత పోగొట్టుకుంటే, ఎలక్ట్రాన్‌లా కనిపించే ప్రమాదం ఉంది. అందుకని కాంతి ఎంత అని కాక, రేకులో సంకేతం ఎంత వేగంగా లేచి పడింది అని చూసి వేరు చేశారు. పని జరిగింది. కానీ స్ఫటికాలు పెంచడం కష్టంగా ఉంది.

తర్వాత ఫ్రాన్స్, ఇటలీ సరిహద్దులో ఫ్రేజ్యూ సొరంగంలో ఉన్న మోడాన్ ప్రయోగశాలలో 2019, 2020ల్లో 20 లిథియం మాలిబ్డేట్ స్ఫటికాలు, 20 జెర్మేనియం రేకులు పెట్టారు. స్ఫటికాలు రష్యాలోని నోవోసిబిర్స్క్‌లో పెంచినవి. లిథియం మాలిబ్డేట్‌కు గాలిలోని తేమ పడదు, జాగ్రత్తగా పొడి వాతావరణంలో ఉంచాలి. ఆ కష్టం పడ్డందుకు ఫలితం దక్కింది. ఒక పక్క వేడి, ఒక పక్క కాంతి గీసి చూస్తే ఎలక్ట్రాన్ల గుంపు పైన, ఆల్ఫాల గుంపు కింద, మధ్యలో ఖాళీ. మొదటిసారి ఆ బొమ్మ చూసినవాళ్లు ఇక పదార్థం ఏదో నిర్ణయమైపోయిందని అనుకుని ఉంటారు. రేకులు సరిగ్గా ఎంత చదువుతున్నాయో తెలుసుకోవడానికి వాళ్లు వాడిన ఉపాయం నాకు బాగా నచ్చింది. బయటినుంచి గట్టి గామా కిరణాలు కొడితే స్ఫటికాల్లోని మాలిబ్డినమే 17 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్‌రేలు విడుస్తుంది. అవి పోయి రేకులో పడతాయి. ఆ గీతే కొలబద్ద. లోపల వేరే రేడియోధార్మిక మూలం పెట్టే పని లేదు.

మాలిబ్డినంతో ఇంకో లాభం కూడా ఉంది. ప్రకృతిలో బలంగా కనిపించే గామా గీతల్లో అన్నిటికన్నా పైది థాలియం-208ది, 2615 దగ్గర. టెల్యూరియం గీత 2527, అంటే ఆ రేఖకు కింద. మాలిబ్డినం గీత 3034, పైన. ఆల్ఫాలను కాంతి తీసేస్తుంది, గామాలను ఈ ఎత్తు తీసేస్తుంది.

కానీ మాలిబ్డినంతో ఒక కొత్త తలనొప్పి వచ్చింది. ఇందాక న్యూట్రినోలున్న మామూలు జంట క్షయం మనకు అడ్డమన్నాను కదా. 7 × 10¹⁸ ఏళ్లు చాలా పొడవుగా వినిపిస్తుంది, కానీ 280 గ్రాముల స్ఫటికంలో మాలిబ్డినం అణువులు ఎన్నున్నాయో లెక్కేస్తే సుమారు ఆరు నిమిషాలకొక క్షయం జరుగుతుంది. అప్పుడప్పుడూ రెండు క్షయాలు ఒకదాని వెంట ఒకటి, కొన్ని మిల్లీసెకన్ల తేడాతో జరుగుతాయి. ఒకటి 1400, ఒకటి 1634 అనుకోండి. కలిపితే 3034! బొలోమీటరు వేడి సంకేతం లేవడానికే పదుల మిల్లీసెకన్లు పడుతుంది, కాబట్టి రెండూ ఒకటిగా కలిసిపోతాయి. పిడుగు పడ్డప్పుడు ఉరుములు ఒకదాంట్లో ఒకటి కలిసి దొర్లుతాయి, రెండు పిడుగులు పడ్డాయో ఒకటో ఉరుము విని చెప్పలేం. మెరుపు చూసినవాడు చెప్పగలడు. రేకు చిన్నది, దాని సంకేతం స్ఫటికం వేడికన్నా ఎన్నో రెట్లు వేగంగా లేస్తుంది. కాబట్టి రెండు మెరుపులున్నాయా అని రేకే చూసి చెప్పాలి.

అందుకు రేకు సంకేతం చప్పుడులోంచి, అంటే పరికరంలో ఎప్పుడూ ఉండే అర్థంలేని కదలికల్లోంచి బాగా పైకి లేవాలి. ఇక్కడ ఇంకో ఉపాయం వాడతారు. జెర్మేనియం మీద సన్నటి అల్యూమినియం పట్టీలు వేసి వాటి మధ్య కొన్ని పదుల వోల్టులిస్తారు. ఫోటాన్ పడగానే విడివడే ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ (దాన్నే రంధ్రం అంటారు) ఆ విద్యుత్ క్షేత్రంలో పరిగెత్తుతూ దారంతా వేడి పుట్టిస్తాయి. ఆ వేడి మొదటి వేడికి కలుస్తుంది. సంకేతం పది రెట్ల దాకా పెంచొచ్చు. 1985లో సోవియట్ యూనియన్‌లో నెగనోవ్, ట్రోఫిమోవ్, 1988లో అమెరికాలో ల్యూక్ విడివిడిగా ఈ సంగతి చెప్పారు. ఈ ఉపాయంతోనే టెల్యూరియం ఆక్సైడ్‌లో వచ్చే చెరెన్‌కోవ్ కాంతిని కూడా చూశారు. కణం ఒక పదార్థంలో అక్కడి కాంతికన్నా వేగంగా పోతే వచ్చే మెరుపు అది. వంద ఎలక్ట్రాన్ వోల్టులే, అంటే కొన్ని పదుల ఫోటాన్లు. ఎలక్ట్రాన్లు ఆ కాంతినిస్తాయి, ఆల్ఫాలకు అంత వేగం ఉండదు కాబట్టి ఇవ్వవు.

మన దేశం సంగతి అడుగుతారని తెలుసు. 1965లో, మన చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గరలోనే ఉన్న కోలార్ బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలను టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా, డర్హం శాస్త్రవేత్తలు కలిసి చూశారు. లోకంలో అలా మొదట చూసినవాళ్లలో వాళ్లున్నారు. గనులు మూతపడ్డాయి, ఆ లోతు మనకు పోయింది. ఆ తర్వాత ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్‌లో టిన్-124లో జంట బీటా వెతకడం కోసం అతిశీతల బొలోమీటర్ల పని జరిగింది; థర్మామీటర్లకు కావలసిన జెర్మేనియాన్ని ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్లోనే న్యూట్రాన్లకు గురిచేసి ఇక్కడే తయారు చేశారు. ఇది చిన్న విషయం కాదు, ఈ విద్య ఉన్న దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. టిన్ లోహం కాబట్టి మెరవదు, కాంతి సాక్ష్యం దానికి దొరకదు. అయినా చల్లబరచడం, థర్మామీటరు చేయడం చేతనైన చోట రేకు చేయడం కూడా సాధ్యమే. ఈ హాల్లో ఉన్న ఎమ్మెస్సీ పిల్లలకు నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను: కొలైడర్లు ఒక్కటే కణభౌతిక శాస్త్రం కాదు. స్ఫటికాలు పెంచడం, పూతలు వేయడం, చప్పుడు తగ్గించడం కూడా అదే. క్యువోర్‌లో తక్కువ ఫ్రీక్వెన్సీ చప్పుడు ఎక్కడినుంచి వస్తోందా అని వెతికితే, కొంత భాగం సముద్రపు అలల నుంచి వస్తోందని తేలింది. ఇటలీ రెండు పక్కలా ఉన్న సముద్రాల్లో తుఫాను రేగితే కొండ కింద స్ఫటికాలకు తెలుస్తోంది. ఇలాంటి సంగతులు ఓపికగా పట్టుకునేవాళ్లు కావాలి.

ఇక ముందున్న ప్రయోగం క్యూపిడ్. క్యువోర్ పని ముగిశాక అదే క్రయోస్టాట్‌లో పెడతారు. 1596 లిథియం మాలిబ్డేట్ స్ఫటికాలు, 450 కిలోలు, అందులో మాలిబ్డినం-100 ఒక్కటే 240 కిలోలు. రేకులు 1710. మధ్యలో ఉన్న రేకు పై స్ఫటికానికీ కింది స్ఫటికానికీ ఉమ్మడి కాబట్టి ప్రతి స్ఫటికానికీ పైనొకటి, కిందొకటి కనిపిస్తుంది. కొరియాలో యెమిల్యాబ్‌లో అమోర్ అనే ప్రయోగం కూడా మాలిబ్డినంతోనే, వేరే రకం అయస్కాంత థర్మామీటర్లతో పోటీలో ఉంది.

ఒక లెక్క వేసి చూపిస్తాను, బోర్డు మీద రాసుకోండి. న్యూట్రినో లేని క్షయం అర్ధజీవితం 10²⁷ ఏళ్లు అనుకుందాం. 240 కిలోల మాలిబ్డినంలో అణువులు 1.4 × 10²⁷. దాన్ని 0.69తో హెచ్చించి 10²⁷తో భాగిస్తే ఏడాదికి ఒక క్షయం. పదేళ్లకు పది. వాటిలో రెండు ఎలక్ట్రాన్లూ పూర్తిగా ఒకే స్ఫటికంలో ఆగేవి నూటికి ఎనభై కన్నా కాస్త తక్కువ. అంటే ఏడో ఎనిమిదో.

ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్. క్యువోర్‌లో ఉన్నంతే ఉందనుకుందాం: కిలోకు, ఏడాదికి, కిలో ఎలక్ట్రాన్ వోల్టుకు 0.014. గీత వెడల్పు 5 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, 450 కిలోలు, పదేళ్లు. హెచ్చించండి. మూడు వందల పైచిలుకు. మూడు వందల మధ్యలో ఏడెనిమిదిని ఎవరూ గుర్తుపట్టలేరు. క్యూపిడ్ పెట్టుకున్న లక్ష్యం 0.0001. ఆ లెక్కన పదేళ్లకు రెండు, కాస్త పైన. రెండింటి పక్కన ఏడెనిమిది వస్తే గుర్తుపడతాం. మూడు వందల నుంచి రెండుకు దించే పనిలో సింహభాగం ఆ రేకులదే.

నేను చెప్పాల్సింది ఇంతే. ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను. వెనక వరుసలో చెయ్యెత్తిన అబ్బాయి, ముందు నువ్వు అడుగు.